ఏడు దెబ్బలు

ఐదున్నర బస్సు. నల్లగొండ నుంచి దేవరకొండకు.
రైట్ రైట్ అందామని నోరు తెరిస్తే
గాలి ఒక్కటే వచ్చింది.
డ్రైవర్ సైదులన్న అద్దంల నుంచి చూసి
"జరమొచ్చిందా సుగుణా?" అన్నడు.
జరం కాదన్నా,
నల్లబండోళ్లు వచ్చిండ్రు.

రాత్రి కాలేజి గ్రౌండుల
నలుగురు పోరగాళ్లు, రెండు గిటార్లు, ఒక డ్రమ్ము సెట్టు.
ఆరేండ్ల సంది ఇయర్‌ఫోన్ వైరుకు అవుతల ఉన్నోళ్లు
లైట్ల కింద చెమట తుడుసుకుంట నిలవడ్డరు.
డ్యూటీ దిగి అట్లనే పోయిన, ఖాకీ మీదనే.
గేటు కాడి పిల్లగాడు బందోబస్తు అనుకొని
పక్కకు జరిగి దారిచ్చిండు.
టికెట్ ఉన్నది కొడుకా అని చూపిచ్చిన.
టికెట్ లేకుంట ఎక్కుడు నాకు రాదు.

మొదటి దెబ్బ చెవుల పడలే,
పక్కటెముకల పడ్డది.
ముందల ఇంటర్ పిల్లలు ఎగురుతున్నరు.
నాకు నలభై మూడు.
ఒక గడియ ఆలోచించిన. ఒక్క గడియనే.
ఆ తర్వాత జడ ఎటు వోయిందో, చెప్పులెటు వోయినయో.

నడుమల కరెంటు పోయింది.
జనరేటర్ అందుకునే దాక
రెండు వేల గొంతులు
పాటను కింద పడనియ్యలే.
అండ్ల ఒకటి నాది.
అది మళ్ల నా కాడికి రాలే.

ఇదంత ఎవరికన్న చెప్పాలె గద!
కనగల్ దాటినంక, టికెట్లు కొట్టుడైనంక
సీటు రాడ్డు మీద ఉంగరం వేలుతోని వాయించిన.
మూడో పాట. సగంల ఆగి, సచ్చిపోయిందనుకున్నంక లేస్తది, అది.
టమాటల గంప ఆమె ఉలిక్కిపడి
"చిల్లరకా? నాది జీరో టికెటే గదమ్మా" అన్నది.
ఎనుక సీట్ల నర్సింగ్ పిల్ల మాత్రం
చెవుల వైరు గుంజేసి నన్నే చూసింది.
"ఆంటీ, నువ్వు గూడ వచ్చినవా!"
దాని గొంతు గూడ సగమే ఉన్నది.
ఆ సగంతోనే
బస్సంతటికి చెప్పుడు మొదలువెట్టింది,
నేను చేతులూపుకుంట మిగిలింది కలిపిన.

సుత్తె సంచి కాళ్ల నడుమ పెట్టుకున్న వడ్డె ఎల్లస్వామి అడిగిండు:
"రాక్ అంటే ఏంది బిడ్డా?"
"బండ, తాతా."
అందరు నవ్విండ్రు. ఆయన నవ్వలే.
"బండకు పాట ఉంటది.
సుత్తెతోని తట్టుకుంట పోతే
ఒక్క కాడ గంట లెక్క మోగుతది.
అక్కడ్నే పగులుతది."

గొంతు పట్టి చూసుకున్న.

గుర్రంపోడు. ఇద్దరు దిగిండ్రు, ఒగడు ఎక్కిండు.
ఒక దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే పో.
బస్సు రేకు మీద నేను ఏడు కొట్టిన.
ఆపాల్నో పోవాల్నో తెల్వక
సైదులన్న అద్దంల నా మొకమే చూస్తున్నడు.