ఐదు శ్రుతికి కాస్త కింద

మీగడ రంగంటారు అందరూ. నేను మాత్రం
పాత హార్మోనియం మెట్ల రంగంటాను,
వేళ్లు తగిలి తగిలి పసుపెక్కిన తెలుపు.
ఏపీ ముప్పై ఐదు. ఆ తర్వాతి అంకెల్లో ఒకటి రాలిపోయింది.
కానిస్టేబులు అడిగితే నోటితో చెబుతాను.

గుండ్రటి లైటు, సన్నటి నడుము, వెనక రెండు బుగ్గలు.
కుడి బుగ్గలో ఇంజను.
ఎడమ బుగ్గలో జిగురు డబ్బా, మైనం ముద్ద,
ఇత్తడి రీడ్లు, తీగెల చుట్ట,
మధ్యాహ్నానికి రెండు అరటిపళ్లు.

పొద్దున్నే దాన్ని ఓ పక్కకి వంచాలి,
చంటిదానికి ఉగ్గు పట్టినట్టు.
పెట్రోలు గొంతు దిగిన చప్పుడు విన్నాకే కిక్కు.
నాలుగో దానికి దగ్గు, ఐదో దానికి పొగ,
ఆరో దానికి ఉల్లివీధంతా తెలిసిపోతుంది
హార్మోనియాల నూకరాజు బయల్దేరాడని.

ఆషాఢంలో ఓ రోజు
కంటోన్మెంటులో సోమిదేవమ్మ గారి తంబుర తెచ్చాను,
బుర్ర పగిలింది.
ఫుట్‌బోర్డు మీద నిలబెట్టి మోకాళ్లతో బిగించాను,
కాడ నా చెవి పక్కనుంచి పైకి.
మూడు లాంతర్ల దగ్గర కొబ్బరిబొండాల సింహాచలం
"ఏటి నూకరాజూ, ఎవుల్ని లేవదీసుకుపోతన్నావు?" అన్నాడు.
గతుకు తగిలినప్పుడల్లా నాలుగు తీగెలూ
ఒక్కసారి మూలిగేవి.
మెల్లగా తోలాను. వెనక ఆటోవాళ్లు తిట్టారు.

ముసురు పట్టింది. అతుకు ఆరలేదు.
పది రోజులు గడువడగడానికి వట్టి చేతులతో వెళ్లాను.
బండి ఆపితే మళ్లీ ఆరు కిక్కులు,
అందుకని ఆపకుండానే గుమ్మంలోంచి చెప్పాను.
ఆవిడ నన్ను చూడలేదు. చూపు ఎప్పుడో ఆనదు.
బండి వైపు చెవి పెట్టింది.
"కాసేపు అలాగే ఉండనీ నాయనా."

ప్లాస్టిక్ కుర్చీ జరుపుకుని కూచుంది.
"ఐదు శ్రుతికి కాస్త కింద ఉంది నీది.
ఫరవాలేదులే, నాదీ దిగింది."

అని ఎత్తుకుంది.
ఏ వర్ణమో నాకు తెలీదు,
నాకు పెట్టెల లోపలే తెలుసు, పైన వాయించేది తెలీదు.
ఎనభయ్యేళ్ల గొంతు. అక్కడక్కడ అతుకు.
కరెంటు లేదు, వాన సన్నంగా,
మొక్కజొన్న పొత్తులబ్బాయి గేటు దగ్గర
నిప్పుల మీద విసరడం మానేసి నిలబడ్డాడు.
పొగ ఆవిడ వైపు వెళ్తోందని
బండిని అటు తిప్పబోయి, శ్రుతి చెదురుతుందని మానేశాను.

రెండోసారి పల్లవికొచ్చేసరికి
పెట్రోలు అయిపోయింది. రిజర్వు ముందే అయిపోయింది.
బండి ఆగింది.
ఆవిడ ఆగలేదు.

ఆ సాయంత్రం మయూరి జంక్షన్ దాకా
బండిని తోసుకుంటూ నడిచాను,
చెప్పుల్లో నీళ్లు చప్పుడు చేస్తుంటే.

మర్నాడు జిలానీ కార్బొరేటరు కడిగేశాడు,
అడక్కుండానే ప్లగ్గు మార్చేశాడు.
"గురువుగారూ, ఇక ఒక్క కిక్కే!"
నిజమే, ఒక్క కిక్కే. లీటరుకి నలభై ఐదు.
ఉల్లివీధికి నేనెప్పుడు బయల్దేరేదీ తెలియడం లేదు.

తంబుర ఆరింది. తీసుకెళ్లి ఇచ్చాను.
ఆవిడ ఒక్కో తీగే మీటి చూసి, తలూపి,
కొంగుముడి విప్పి డబ్బులిచ్చింది.
"ఆ బండేదీ?"
"అదేనమ్మా, గుమ్మంలోనే ఉంది, ఆన్‌లోనే ఉంది."
కాసేపు విన్నది.
"అది కాదులే" అంది.

ఇప్పుడు రాత్రి పది దాటాక
చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని
కుడి బుగ్గ విప్పుకుని కూచుంటాను.
పావు చుట్టు అటు. అరపావు ఇటు.
లోపల్నుంచి బంగారమ్మ కేకేస్తుంది,
"పెట్రోలు నూటపదైపోనాది, ఇనబడతందా?"

వినబడుతోంది.
ఇంకా పైనే ఉంది.
ఇంకొంచెం దించాలి.