పన్నెండో సంచిక

ఎవరిష్తు గారూ,
మీ మనియార్డరు అందింది.
నాలుగు వందల ఎస్కూడోలు,
కింద మీ గుండ్రటి అక్షరాల్లో
"పన్నెండో సంచిక ఇంకా రాలేదు, పోస్టు ఆలస్యమేమో."

పోస్టు తప్పేం లేదండీ.

పత్రిక పేరు గ్రావ్.
మా లియొనెల్ లెక్కలో అది ఫిల్ము మీది రేణువు,
వెలుతురు తగిలి నల్లబడ్డ నలక.
మీరేమో అదే మాటకి రెండో అర్థం తీసుకుని
శనగల పత్రిక అనుకున్నారు.
మీ తొలి ఉత్తరం కంఠతా వచ్చు నాకు:
"కొండవాలు నేలకి ఏ రకం గింజ మంచిది?"
ఆఫీసంతా పడీ పడీ నవ్వాం.
ఆఫీసంటే
మూతపడబోయే సార్డీన్ కార్ఖానా ఎదురుగా మేడ మీద ఒక గది.
అంతా అంటే ముగ్గురం,
లియొనెల్, అదొజింద, చందాల ఖాతా రాసే నేను.

అయినా మీరు చందా మానలేదు.

స్నానాలగదే మా చీకటిగది.
తొట్టిలో రసాయనం, పైన ఎర్రబల్బు,
బట్టలారేసే తీగకి తడి తడి ముఖాలు.
వెనిగర్ కంపు కొట్టే మా చేతుల్ని చూసి
ట్రాములో పక్కవాళ్ళు
ఊరేసిన చేపలమ్ముకునేవాళ్ళమనుకునేవారు.
అక్కడే నేర్చుకున్నాను:
తెల్లకాగితం మీద
ఎవరికైనా ముందుగా వచ్చేది నీడే,
కళ్ళు చాలాసేపటికి గాని తెరుచుకోవు.

నాలుగో సంచిక అట్ట గుర్తుందా మీకు?
సైరన్ మోగని పొద్దున
కార్ఖానా గేటు ముందు నిలబడ్డ ఆడవాళ్ళు.
ఒకామె మాత్రం అలవాటు కొద్దీ
తలకి గుడ్డ బిగించుకుంటోంది.
అదొజింద చెయ్యి వణికింది, ఫొటో అలుక్కుపోయింది.
అచ్చెయ్యనన్నాడు లియొనెల్.
రెండ్రోజులు ఆ గదిలో మాటల్లేవు,
కత్తెర చప్పుడు తప్ప.
మూడోరోజు తనే తీసుకెళ్ళి ప్రెస్సులో ఇచ్చొచ్చాడు.

ఆ తర్వాత, ఏం చెప్పను,
లిస్బన్ నుంచి వంద, పారిస్ నుంచి యాభై ప్రతులు కావాలన్నారు.
మూడు వందల చందాలు పంతొమ్మిది వందలయ్యాయి.
కాఫీ మిషను కొన్నాం.
పేరున్నవాళ్ళు వచ్చి మా విరిగిన సోఫాలో
జాగ్రత్తగా కూర్చునేవారు.

ఎందుకు పడిపోయిందని అడిగితే
ఒక్క కారణం వేలుపెట్టి చూపించలేను.
కాగితం ధర పెరిగింది.
ప్రెస్సు అబీలియు అప్పివ్వడం మానేశాడు,
వాళ్ళమ్మాయి పెళ్ళి, నిజమే, ఎంతకని ఇస్తాడు.
కెమెరా కంపెనీవాడు వెనక అట్ట అడిగాడు, రంగుల్లో.
లియొనెల్ వద్దన్నాడు, అదొజింద ఇద్దామంది.
ఆ వసంతంలో ఆమెకి ఒక వారపత్రికలో
నెల తిరిగేసరికి జీతమిచ్చే ఉద్యోగం దొరికింది.
చేతులు దులుపుకుని పోలేదండీ.
తాళంచెవి కవర్లో పెట్టి
నా బల్ల మీద ఉంచి, నేను తలెత్తేదాకా నిలబడింది.

పదోది నెల ఆలస్యం.
పదకొండోది పదహారే పేజీలు,
మిగిలిపోయిన ఎన్నికల పోస్టర్ల కాగితం మీద.
ప్రతి ఫొటో వెనకనుంచీ
ఓడిపోయిన అభ్యర్థి మీసం లీలగా కనపడేది.
అది ప్రయోగమనుకుని
ఇద్దరు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు.
వాటికి జవాబివ్వలేదు నేను.

ఇప్పుడు లియొనెల్ రైల్వే స్టేషన్ దగ్గర
పాస్‌పోర్టు ఫొటోలు తీస్తున్నాడు.
"గడ్డం కొంచెం పైకి" అంటాడు అందరితో.
మొన్న వెళ్ళినప్పుడు నాతోనూ అన్నాడు,
నేనని గుర్తుపట్టాకే.

చందాదారుల కార్డులు
ఇంకా చెప్పులపెట్టెలో నా మంచం కిందున్నాయి.
అందరికీ బాకీ తీర్చాననుకున్నాను.
రెండేళ్ళ తర్వాత మీరు!
మీకు సంచికా బాకీ, జవాబూ బాకీ.

సంచిక ఇవ్వలేను.
జవాబుకి మాత్రం శనివారం సంతకెళ్ళి
గింజలమ్మే ముసలావిణ్ణి అడిగాను.
వాలు నేలకి చిన్నగింజ రకమే మేలట,
మార్చి వానలు వెలిశాక చల్లాలట,
నీళ్ళెక్కువైతే ఆకే గాని కాయ ఉండదట.
నవ్వినందుకు క్షమించండి.

డబ్బు తిప్పి పంపుతున్నాను.
పోస్టు ఖర్చు పన్నెండు ఎస్కూడోలు
అందులోంచి మినహాయించుకోక తప్పలేదు.