చివరి ట్రాము అద్దంలో

ఓస్త్రావాలో బొగ్గు అయిపోయి చాలా ఏళ్లయింది.
గని ఆఫీసు ఉన్న చోట ఇప్పుడు పేకాట క్లబ్బు.
రాత్రి పన్నెండూ నలభైకి
నా ట్రాము దాని ముందు ఆగుతుంది.
ఆ రోజుకి అదే చివరిది.

పోకరు నేర్చుకోవాలని ఎందుకు పుట్టిందో అడక్కండి.
నలభై నాలుగేళ్లు నాకు.
ఎటు తిరగాలన్నది పట్టాలే ముందు తేల్చేస్తాయి,
నా చేతికి ఎవరూ ఏ ప్రశ్నా ఇవ్వలేదు.
అందుకేనేమో.

గురువు కోసం తిరిగాను.
వాచీ కనపడేలా చొక్కా చేతులు మడిచే రాదోవాన్
ఒక్క పాఠానికి మూడువేల కోరునాలు అడిగాడు.
గెలిచిన ఆటలన్నీ కథలుగా చెప్పాడు,
ఓడినవన్నీ ముక్కలు పంచినవాడి మీదకి నెట్టాడు.
యూనివర్సిటీ కుర్రాడు తాదేయాష్‌వి మాత్రం నికార్సయిన లెక్కలు.
కాగితం నిండా గళ్లు,
పచ్చవైతే ఆడు, ఎర్రవైతే పారెయ్.
అతను చెప్పింది తప్పని అనను.
చెబుతున్నంతసేపూ ఫోను చూసుకుంటూ గోళ్లు కొరికాడు,
అద్దె కట్టే తేదీ దాటిందట.

నా అద్దం చిన్నదే. అయినా పదకొండు నెలలుగా
క్లబ్బు క్లబ్బంతా అందులోంచే ఇంటికి వెళ్తోంది.
గెలిచినవాడు సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే ఉంటాడు.
ఓడినవాడు క్లబ్బులో ఏడవడు,
నా ట్రాములో ఏడుస్తాడు,
కిటికీకి నుదురానించి, టికెట్టు కొట్టడం మర్చిపోయి.
ఒకతను బూటు లేసు విప్పి కట్టి మళ్లీ విప్పుతాడు.
ఇంకొకతను నా వీపుతో మాట్లాడతాడు:
ఆఖరి ముక్కగా ఆ కళావరు రాణి రాకపోయుంటేనా...
ఎనిమిది స్టాపుల దాకా అదే రాణి.

ఆవిడొక్కతే నాకు అంతుపట్టలేదు.
బూడిదరంగు కోటు, పై బొత్తాం ఒకటే గోధుమరంగుది.
అరవై దాటి ఉంటాయి.
ముప్ఫై ఏళ్లుగా ఆ ఆటమీదే బతుకుతోందని
టికెట్లు తనిఖీ చేసే హొరిమీర్ చెప్పాడు.
ఎక్కుతుంది, టికెట్టు కొడుతుంది,
రెండో వరసలో కూర్చుంటుంది,
సంచీలోంచి ఆపిలు తీసి
తొక్కతో సహా తింటుంది, గింజల దాకా.
గెలిచిందా?
ఓడిందా?
ఆపిలు చెప్పదు.

ఫిబ్రవరిలో, పట్టాల మీద మంచు గీరుకుంటున్న రాత్రి,
రాదోవాన్ ఆవిడ వెనకే ఎక్కాడు,
ట్రామంతటికీ వినపడేలా:
"లక్షా ఎనభై వేలండీ ష్తేఫ్లోవా గారూ!
ఒక్క ముక్క, ఒక్క ముక్కతో పోయాయి మీకు!"

అద్దంలోకి చూశాను.
కొరుకుతోంది. అదే నిదానం.
"అవును," అంది, నమిలి మింగాక.
"రేపు అవే ముక్కలొస్తే మళ్లీ అలాగే ఆడతాను."
తాగి తూలుతున్న ఒకడికి చోటివ్వడానికి
సంచీని ఒళ్లోకి తీసుకుంది.

ఆ రాత్రి ఎర్ర సిగ్నలు దాటబోయాను.

ఆఖరి స్టాపులో దీపాలు ఆర్పేశాక అడిగాను, నేర్పుతారా అని.
నా మొహంకేసి చూడలేదావిడ, చేతులకేసి చూసింది.
"రోజుకి ఎన్నిసార్లు బ్రేకు వేస్తావు?"
ఎప్పుడూ లెక్కపెట్టలేదన్నాను.
"లెక్కపెట్టుకుని రా. ముక్కల సంగతి తర్వాత."
డబ్బు మాట ఎత్తలేదు.
మంచులో కాలు చూసుకుని దిగి వెళ్లిపోయింది.

వారం నుంచీ లెక్కపెడుతున్నాను.
మంగళవారం ఆరువందల పన్నెండు.
అందులో దారికి అడ్డం ఏమీ లేకుండానే,
ఉత్త భయంతో వేసినవి వందకి పైమాటే.
వాటికి వేరే పేజీ పెట్టాను.
ఆ పేజీ ఎవరికైనా చూపించాలంటే సిగ్గు,
ఆవిడకైతే ఫరవాలేదనిపిస్తోంది.

ఇవాళ నా సంచీలోనూ ఒక ఆపిలు ఉంది.
తొక్కతో సహా కొరికి చూశాను.
పులుపు.
గింజల దాకా వెళ్లలేకపోయాను.