పక్క ఎత్తు

క్లాక్స్‌విక్ రేవులో చేపల కార్మికుల హాలు.
మార్చి గాలి తలుపును తన్నుతోంది.
తడిసిన ఉన్ని స్వెట్టర్ల వాసన మధ్య
నాలుగో బల్ల మీద గడియారం నొక్కాను.
వారమంతా కాడ్ చేపల తూకాలు రాసేవాణ్ణి,
ఆదివారం ఒక్కటీ ఆర్బిటర్‌ని.

తెల్లపావులు హానుస్‌వి.
ముప్పయ్యేళ్ళు పడవ ఇంజన్ల మీదుగా అరిచి అరిచి
గొంతు బొంగురుపోయిన మనిషి.
ఎదురుగా మార్యున్, పదహారేళ్ళది.
ఈ ఆటకి ఆమె అక్షరాభ్యాసం ఆయన దగ్గరే.
"నడుమ పట్టు, తక్కినవి వాటంతటవే వస్తాయి"
అని ఊళ్ళో పిల్లలందరికీ నూరిపోసినవాడు
ఆ పూట
గుర్రం ముందరి బంటును
ఒక్క గడి జరిపి ఊరుకున్నాడు.
దాని వెనక సందులో శకటు వచ్చి నక్కింది.

మార్యున్ కనుబొమలు ముడిపడ్డాయి.
ఆయన ఖాళీగా వదిలేసిన నట్టింట్లో
రెండు నల్లబంట్లను పక్కపక్కనే దింపింది.
ఒకటి సరిగ్గా శకటు చూపుకి అడ్డుగోడ.

ఆయన మాత్రం బల్లకేసి చూడడు.
కిటికీ చూస్తాడు, గోడ మీది పాత ఓడ బొమ్మ చూస్తాడు,
మెడ వంచి, కోడి గింజను చూసినట్టు
ఓరగా ఒక చూపు, ఒక ఎత్తు.
తనంటే లెక్కలేదనుకుంది పిల్ల.
పెదవి కొరుక్కుని బంట్లను మరింత బిగించింది.

పదిహేడో ఎత్తు దగ్గర ఆయన కాగితం చూశాను.
పదహారు మీదే పదిహేడు రాశాడు.
ఆమె కూడా చూసింది.
కళ్ళ నడిమధ్య చీకటి దిగిందని,
అంచులే మిగిలాయని
ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.
ఇంత చిన్న ఊళ్ళో ఎలా దాచాడో.

తరవాతి ఎత్తు వేస్తూ ఆమె గొణిగింది:
"రాజు బంటు. ఒక గడి ముందుకి."
నేను చెవిటివాణ్ణయ్యాను.
హానుస్ చెయ్యెత్తాడు.
"మాట్లాడుతోంది. ఫిర్యాదు రాసుకో."

నియమం నియమమే.
ఆయన గడియారానికి రెండు నిమిషాలు కలిపాను.
మార్యున్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ బంటు కదిలాక
అడ్డుగోడ లేని ఐమూల దారిలో
శకటు చూపు నల్లరాజు గుమ్మం దాకా పారింది.
కావాలనే తెరిచిందా, తొందరలోనా?
నేను అడగలేదు, ఇప్పటికీ.

ఆయన వెంటనే వేయలేదు.
రెండు నిమిషాలూ కిటికీకేసి తిరిగి కూర్చున్నాడు.
గాజు అవతల పొగమంచు తప్ప ఏమీ లేదు.
చాలాసేపటికి గానీ నాకు అందలేదు,
అలా తిరిగితేనే
ఆ పిల్ల మొహం
ఆయన కంటి అంచున పడుతుందని.