లెఫ్ట్ కార్నర్

నా ఎడమ చీలమండకి వాడి పేరు తెలుసు.
ఆర్జిల్లి దానయ్య.
జాలారిపేట హైస్కూలు, పదో తరగతి, బి సెక్షన్.
జోనల్ ఫైనల్లో మూడుసార్లు పట్టాడు నన్ను,
మూడుసార్లూ అదే కాలు.

ఇసకలో ఆడేవాళ్లం అప్పుడు.
సున్నంతో గీసిన గీతలు
ఆట సగమయ్యేసరికి ఎవరి కాళ్లకో అంటుకుని పోయేవి.
నేను కూత అందుకుని వెళ్తే
ఆరుగురు కదిలేవారు, చేతులు కలుపుకుని,
అలివి వల లాగుతున్నట్టు.
మూలన వాడొక్కడే
తెప్ప మీద గేలం వేసినవాడిలా
నా ముఖం వదిలేసి
నీళ్లలోకి చూసినట్టు నా పాదాన్ని చూసేవాడు.
కాలు చాచానో లేదో
బొక్కబోర్లా నేను,
నోట్లో ఇసక, సగంలో తెగిన కూత.

"గుంటడు కాడురా వాడు, ఎండ్రకాయ"
అన్నాడు మా పీటీ మాస్టారు
ఓడిన జట్టుకి బిస్కెట్లు పంచుతూ.

ఆ ఏడు పేటంతా వాడిదే.
బోటు దిగిన సరంగులు పిలిచి టీ ఇప్పించేవారు.
జిల్లా పేజీలో ఫొటో, మెళ్లో పతకం.
వాళ్లమ్మ పోలమ్మ ఆ పతకాన్ని
చేపలరేవులో గంప అంచుకి వేలాడదీసేది.
బేరమాడకుండా కొనేవారంట.
నాకైతే నమ్మకం లేదు.

తర్వాత స్పోర్ట్స్ కోటా, కాలేజీ సీటు.
తర్వాత మ్యాట్.

మ్యాట్‌లోకి కాలివేళ్లు దిగవు.
"బూట్లు కట్టుకున్నాక నేల చెవిటిదైపోయిందిరా" అన్నాడోసారి
కంచరపాలెం మెట్ట దగ్గర, టీ చల్లారిపోతుంటే.
చిత్తూరు నుంచి వచ్చిన సీనియర్ ఒకడు
అందినట్టే కాలు అందించి
వీడు దూకగానే లాక్కుని
పక్కన ఇద్దర్ని తాకి
పోతూ పోతూ వీడి బుగ్గ గిల్లేవాడంట.
ఏడాదంతా బెంచీ.
నీళ్ల సీసాలు, ఐసుగడ్డలు, ఎవరివో మోకాలి పట్టీలు.
అమ్మకి ఫోన్లో మాత్రం
ఆడతన్నానమ్మా, బాగా ఆడతన్నాను.

కోచ్ ఆదిమూలంగారు రెండో ఏడు నేర్పిందొక్కటే:
పట్టకపోవడం.
ఇరవైసార్లు కాలు ముందుకొస్తుంది, ఇరవైసార్లూ వదిలెయ్.
చేతులు నడుం వెనక కట్టించి నిలబెట్టేవారు.
రాత్రి హాస్టల్లో ట్యూబులైటు పక్కన బల్లి.
"కాలేజీలో ఏటి సదివావంటే
దాన్నే సదివాన్రా" అన్నాడు నవ్వకుండా.

మూడో ఏడు మ్యాచికి
గాజువాక టైర్ల షాపులో సగంపూట సెలవడిగి వెళ్లాను,
గోళ్లలో గ్రీజుతోనే.
ఆఖరి నిమిషం. ఒక్క పాయింటు ఆధిక్యం.
మంగుళూరు రైడరు పొడుగు మనిషి,
వాడి కూత గేలరీ దాకా వినిపిస్తోంది.
కాలు చాచాడు. దానయ్య కదల్లేదు.
మళ్లీ చాచాడు, ఇంకో జానెడు లోపలికి.
నా చుట్టూ జనం, పట్టరా, పట్టరా అని.
నేనొక్కణ్ణే నోరు మూసుకుని కూచున్నాను.
కాళ్లు నాకూ ఉన్నాయి కదా,
ఇంకా కాదని తెలుస్తుంది.

రైడరు వెనక్కి తిరిగాడు.
తిరిగే కాలికి ఒక్క క్షణం బరువుండదు.
దూకలేదు వాడు.
చెయ్యి పెట్టాడు, అంతే,
తలుపు గడియ పెట్టినట్టు.

మర్నాడు పేపర్లో ఫొటో.
రైడరు ముఖం, తెరిచిన నోరు,
మధ్యగీతకి బెత్తెడు దూరంలో ఆగిన వేళ్లు.
కింద రైడరు పేరు, రెండు యూనివర్సిటీల పేర్లు.
ఫొటో అంచున, మణికట్టు దాకానే, ఒక చెయ్యి.

రేవుకి పట్టుకెళ్లి చూపించాను.
పోలమ్మకి అక్షరాలు రావు.
పొలుసులంటిన వేలుతో
ఆ బొటనవేలి మీద నైలాన్ తాడు కోసిన మచ్చ తడిమి
"ఇది మావోడి సెయ్యే" అంది.
చేపలు వేరే కాయితంలో చుట్టింది.
ఆ పేజీ మడిచి బొడ్లో దోపుకుంది.
రెండు కానాగంతలు ఎక్కువే వేసింది నాకు.

బస్సెక్కి కిటికీ పక్కన కూచుని
ఎడమకాలు ముందుకి చాచబోయి
ఎందుకో
వెనక్కి తీసేసుకున్నాను.