నీళ్ళొదులుకున్న రాత్రి

హోబర్ట్‌లో జూలై.
కిటికీ అవతల డెర్వెంట్ నది, దాని మీద వాన, వాన మీద వాన.
ఇన్ని నీళ్ళ మధ్య కూర్చుని
నీళ్ళు లేని దారి వెతుకుతున్నాను.

ఉత్తరాది పొలాల్లో కోసిన గసగసాల కాయల పొడి
పద్నాలుగు సీసాల్లో వచ్చింది,
ఒక్కోదాని మెడలో బ్రోన్విన్ చేతిరాత.
లోపల మార్ఫిన్, కొడీన్.
ఒక కడుపున పుట్టిన ఇద్దరు,
తేడా అల్లా ఒక్క మిథైల్,
ఒకరికి చెవిదుద్దు ఉండి ఇంకొకరికి లేనంత.

తలవెంట్రుకంత బోలు గాజుదారం,
దాని రెండు కొసల మధ్య ముప్పై వేల వోల్టులు.
నీళ్ళలో పంపినప్పుడల్లా
ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని వచ్చేవారు.
తెర మీద ఒకటే మూపురం.
ఇందులో ఎవరు ఎవరమ్మా అంటే
నీళ్ళు నమిలేవారు.
మూడు వారాలు పీహెచ్ పెంచాను, తగ్గించాను.
లాక్లన్ యంత్రాన్ని బతిమాలాడు,
బూతులూ తిట్టాడు.

మంగళవారం బ్రోన్విన్ టీ కప్పు దించి
"నీళ్ళు తీసెయ్" అంది,
కూరలో కాస్త ఉప్పు తగ్గించమన్నట్టు.

నీళ్ళొదులుకోవడమంటే
మా భాషలో ఆశ చంపుకోవడం.
ఆమెకి చెప్పలేదు.
మిథనాల్ కొలిచాను, అసిటోనైట్రైల్ కొలిచాను.
అమ్మోనియం ఎసిటేట్ పలుకులు
ఇష్టం లేని చుట్టాలింటికి వచ్చినట్టు
బద్ధకంగా కరిగాయి.

నీరు మంచిదే, అందరినీ హత్తుకుంటుంది.
హత్తుకుని హత్తుకుని
ఎవరి ఒడ్డూ పొడుగూ బయటికి తెలియనివ్వదు.
మిథనాల్‌కి అంత ప్రేమ లేదు.
చెయ్యి పట్టుకుంటుంది, వదిలేస్తుంది.

మొదటిసారి మధ్యలో బుడగ, గీత తెగింది.
లాక్లన్ మూత సరిగా పెట్టలేదు,
సగం ద్రావకం గదిలోకి లేచిపోయింది, నా తలనొప్పిలోకి కూడా.

రెండోసారి, రాత్రి ఒంటిగంట.
పదకొండో నిమిషంలో ఒక శిఖరం.
గీత దిగింది,
దిగి,
నేలని తాకింది.
నలభై సెకన్లు ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడం కోసమే మూడు వారాలూ.
నేను ఊపిరి తీసుకోలేదు.
అప్పుడు, తీరిగ్గా,
రెండోది.

కొండ కనబడనంత వానలో
బస్ స్టాపు దాకా నడిచాను, గొడుగు బల్ల మీదే ఉండిపోయింది.
లాక్లన్‌కి మెసేజ్ పెట్టాను:
విడిపోయారు.
నిద్రలోంచి జవాబు:
అయ్యో, ఎవరు?