చేబదులు

నార్వే నెత్తిమీద ఉంది మా దీవి.
నవంబరు నెలాఖరుకి
సూర్యుడు సెలవు పుచ్చుకుంటాడు.
మధ్యాహ్నం రెండింటికే లాంతర్లు.
ఆ చీకట్లో గుడ్నీ కబురంపింది:
"పాస్టరుగారిని రమ్మనండి, ఆ కొత్త కుర్రాణ్ణే."

వచ్చి మూడేళ్లయినా నేను కొత్తే.
ఇక్కడ కొత్తదనం పోవాలంటే
సొంతవాళ్లెవరైనా సముద్రంలో పోవాలి.

అంతకుముందు ఆదివారమే చెప్పాను,
రక్షణ కూలి కాదు, కానుక అని.
క్రియల మెట్లెక్కి ఎవడూ పైకి చేరడని,
విశ్వాసమొక్కటేనని, బల్ల గుద్ది మరీ.
మూడో వరసలో ఆమె
చేతితొడుగు అల్లుతూనే ఉంది.
ఆ సూదుల టిక్కుటిక్కు
నా ప్రసంగానికి ఎదురు ప్రసంగంలా వినబడింది.

ఇప్పుడు మంచం మీద పిడికెడు మనిషి.
దిండు కింద నోటుబుక్కు,
అట్ట నిండా చేపనూనె మరకలు.
"చదువు" అంది.

నా గుండె జారింది.
ఊరంతటికీ తెలుసు ఆమె చేసినవి.
ఐలర్ట్ మునిగిన ఏడాది అతని నలుగురు పిల్లలకీ
చలికాలమంతా చేపల పులుసు, బంగాళదుంపలు.
మతి చెడిన రాగ్నకి ప్రతి శనివారం తలంటు.
కొడుకు పడవకని దాచిన చెక్క
పక్కింటి పసికందు శవపేటికకి.
ఈ పుస్తకం నిండా అవేనేమో,
దేవుడికి చూపించే రసీదులేమో!
చివరి గడియలో ఈ చేతుల్లోంచి
దీన్నెలా లాక్కోను?
లాక్కోకపోతే
నేను చెప్పిందంతా ఏమవుతుంది?

తెరిచాను.

యాభైతొమ్మిది, ఫిబ్రవరి. తుపాను. ఐలర్ట్ తాడు విసిరాడు. మా ఆయన బతికాడు.
అరవైరెండు. నా కాన్పు. రాగ్న తల్లి రెండు రాత్రులు కునుకు తీయలేదు.
అరవైనాలుగు. గుమ్మంలో పాలడబ్బా. ఎవరు పెట్టారో తెలీదు.
అదే ఏడు. మంచు మీద గులాబి వెలుతురు. ఊరికే వచ్చింది.

పేజీ తర్వాత పేజీ
అందుకున్నవే.
ఇచ్చింది ఒక్కటీ లేదు.

"అన్నీ చేబదుళ్లే బాబూ" అంది.
"పత్రం లేదు, వడ్డీ లేదు,
ఇచ్చినవాడు అడగడు.
అడగనివాడి బాకీ
చేతిని ఊరికే ఉండనివ్వదు."

"తీరిందా?" అన్నాను, కుర్రతనంగా.
నవ్వబోతే దగ్గొచ్చింది.
"తీర్చడానికా చేశాను?
నిండిన బిందె నడిస్తే ఒలుకుతుంది.
ఆదివారం నువ్వు చెప్పింది నిజమే.
కాస్త గట్టిగా చెప్పావు గానీ."

చివరి పేజీలో ఒకే పేరు, హాకోన్.
ఎదురుగా ఏమీ రాయలేదు.
నాకు తెలుసు ఆ హాకోన్ ఎవరో.
తాగి చుక్కాని పట్టినవాడు,
ఆమె కొడుకుని తీసుకెళ్లి
పడవొక్కటే తిరిగి తెచ్చినవాడు.
గుడి ముందు ఉమ్మేసి పోయేవాడు.

"ఇతని దగ్గర ఏం అందుకున్నావమ్మా?"

చాలాసేపు గోడవైపు చూసింది.
"గురువారం గురువారం కట్టెలివ్వాలి వాడికి.
నువ్వు మర్చిపోకు" అంది.
నా ప్రశ్నకి అది జవాబో కాదో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

బుధవారం ఆమెని పూడ్చాం,
గడ్డకట్టిన నేలని గునపాలతో ఒప్పించి.

గురువారం బండిజారు లాక్కుంటూ వెళ్లాను
ఖాళీ చేపల దడుల కింద నుంచి.
చెట్టు మొలవని దీవి ఇది,
కట్టెలు ఓడలో రావాలి, ఖరీదు.
నాలో ప్రేమ లేదు.
ప్రార్థన కూడా, నిజం చెప్పాలంటే,
పెదాల మీదే గడ్డకట్టింది.
తాడు కోసి అరచెయ్యి మండుతోంది, అంతే.
క్రియ ఉంది, విశ్వాసం ఎక్కడని
దారంతా నన్ను నేనే నిలదీసుకున్నాను.

తలుపు జానెడు తెరిచాడు హాకోన్.
నన్ను చూశాడు. నా వెనక
ఆమె రావాల్సిన ఖాళీని చూశాడు.
వంగి ఒక కట్టె తీసి
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"తడి" అన్నాడు.

"వచ్చే వారం పొడివి తెస్తాను."

నా నోరే అంది ఆ మాట,
నాకంటే ముందుగా.